ఏ బుద్రి?

కిందటేడు రిటైరయ్యాను. ఏజెన్సీ పి.హెచ్.సి.లకి కొత్తగా ల్యాబ్ టెక్నీషియన్లుగా వస్తున్న పిల్లల కోసం ఏదైనా రాసిపెట్టమని తోటివాళ్ళు అడిగారు. ఎప్పుడు ఎక్కడ చేరాను, ఎప్పుడు ప్రమోషను వచ్చింది లాంటివి రాయను. అవి చదవడానికి నాకే విసుగు. చేసిన తప్పులు రాస్తాను. వాటిలో ఒకటి నన్ను పద్నాలుగేళ్ళు తిన్నది. అది దాచిపెట్టి మిగతావి ఎన్ని రాసినా దండగ.

నేను ఎక్కువకాలం ఉన్నది గూడెం కొత్తవీధి అవతల కొండల్లో. పి.హెచ్.సి. పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్ళకి నా పాపంతో సంబంధం లేదు.

పని

జ్వరం వచ్చిన మనిషి ఎడమచేతి ఉంగరం వేలు గుచ్చి, గాజుపలక మీద చుక్క పూసి, ఆరబెట్టి, రంగునీళ్ళలో ముంచి, మైక్రోస్కోపు కింద చూడాలి. గాజుపలకని మనం స్లైడ్ అంటాం. మలేరియా ఉంటే పాజిటివ్, లేకపోతే నెగిటివ్. చెప్పడానికి ఇంతే. ఇప్పుడు మీకు కిట్లు వచ్చాయి, కాసేపట్లో గీత పడుతుంది. మా రోజుల్లో కరెంటు ఉన్న పూట పండగ. లేనప్పుడు మైక్రోస్కోపు అద్దం తిప్పి కిటికీలోంచి ఎండ పట్టుకొని చూసేవాళ్ళం. వానాకాలం ఎండ ఉండదు, మలేరియా అంతా వానాకాలమే. ఈ ఉద్యోగం నాకు ఇచ్చినవి మెడనొప్పి, కంటినీరు, "నెత్తురు బాబు" అనే పేరు. కొండమీది పిల్లలు నన్ను చూస్తే చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. నేను క్రైస్తవుణ్ణి. నర్సీపట్నం దగ్గర పల్లెలో పుట్టి, చిన్నప్పటి నుంచి ప్రార్థనలో పెరిగినవాణ్ణి. ఉద్యోగం కబుర్లలో ఈ గోల ఎందుకని మీరు అనుకోవచ్చు. నా పెద్ద తప్పుకి నా భక్తే దారి ఇచ్చింది, అందుకు చెబుతున్నాను.

నాకు కోపం ఎక్కువ. ముక్కు మీదే ఉండేది. ఆసుపత్రిలో అందరి మీదా అరిచేవాణ్ణి. ఇంట్లో ఒకసారి కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరికొట్టాను. మరునాడు ఆదివారం. ఊళ్ళో పాస్టరు రాకపోతే వాక్యం చెప్పే బాధ్యత నాది. ఆ రోజు ప్రేమ గురించి చెప్పాను. బాగా చెప్పారయ్యా అని అందరూ అన్నారు. మా ఆవిడ రూతమ్మ మాత్రం తల వంచుకొని చాప అంచు లాగుతూ కూర్చుంది. ఇంటికి వచ్చాక అన్నం వడ్డించి, "ఇవాళ ఉప్పు సరిపోయిందేమో చూసుకోండి" అన్నది. తిట్టినా బాగుండేది.

వంద

నాకు పని నేర్పినాయన మూర్తి గారు. దేవుడంటే నమ్మకం లేదు, చుట్ట లేనిదే మాట రాదు. స్లైడ్ చూసేటప్పుడు కంటికి కనిపించే గుండ్రటి జాగాని ఫీల్డ్ అంటాం. అలాంటివి వంద చూశాక గాని నెగిటివ్ అని రాయకూడదు. ఇది పుస్తకంలోనే ఉంది. సీజనులో కుప్పలుగా స్లైడ్లు వచ్చిపడతాయి. ముప్పై చూసి మనసు తృప్తిపడిపోతుంది. మూర్తి గారికి ఏ రోజూ ముప్పైకి తృప్తి కలగలేదు. పెదాలు కదుపుతూ వంద లెక్కపెట్టేవారు.

ఒకరోజు పొద్దున్న నేను పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. ఆయన చుట్ట తీసి, "చేసుకోవోయ్, కాదనను. కాని నిన్న నీ స్లైడ్లు రెండు మళ్ళీ చూశాను. ఒకదాంట్లో మలేరియా పురుగుంది. నీ దేవుణ్ణి ఎందుకు ఇబ్బంది పెడతావు, వంద లెక్కపెట్టు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. నాస్తికుడు నాకు నీతి చెప్పడమేమిటని రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నాకు తెలిసినవాళ్ళలో దేవుడికి భయపడినట్టు పనిచేసింది ఆయనే. ఈ ముక్క ఆయన బతికి ఉండగా చెప్పి ఉండాల్సింది.

పేర్లు

కొండమీద పేర్ల సంగతి మీరు మొదటి వారంలోనే నేర్చుకోవాలి. ఏ వారం పుడితే ఆ వారం పేరు పెడతారు. సోమవారం పుట్టిన ఆడపిల్ల సోమి, మంగళవారం పుడితే మంగ్లి, బుధవారం పుడితే బుద్రి, శుక్రవారం పుడితే సుక్రి. గూడెంలో ఇళ్ళన్నీ ఒకటో రెండో ఇంటిపేర్లవి. కిల్లో వాళ్ళ గూడెం అయితే అందరూ కిల్లోలే. ఇక లెక్క వేసుకోండి. వారానికి ఏడే రోజులు. ఒక్క గూడెంలో ముగ్గురు కిల్లో బుద్రిలు ఉండటం వింత కాదు. వాళ్ళకి అందులో ఇబ్బంది లేదు. "బుద్రి వచ్చింది" అంటే "ఏ బుద్రి?" అని అడుగుతారు. "వాగు కాడ బుద్రి" అనో "మంగ్లా పెళ్ళాం బుద్రి" అనో జవాబు వస్తుంది. ఇబ్బంది అంతా మైదానం నుంచి కాగితం పట్టుకొచ్చిన మనకే.

మా దగ్గర హెల్త్ అసిస్టెంటు లచ్చన్న. ఆ కొండల మనిషే, పాంగి వాళ్ళ ఇల్లు. ఊళ్ళు తిరిగి జ్వరాలవాళ్ళ వేళ్ళు గుచ్చి స్లైడ్లు తేవడం, నేను పాజిటివ్ రాసినవాళ్ళకి మాత్రలు మింగించి రావడం ఆయన పని. గూడెం పండగల్లో ధింసా ఆడేటప్పుడు డప్పు కొట్టేవాడు. జీలుగు కల్లు తాగేవాడు. రాళ్ళ దేవుడికి కోడి కోసేవాడు. నేను ఆయనకి నా దేవుడి గురించి చాలాసార్లు చెప్పాను. "మా దేవుడు అబద్ధం సహించడు లచ్చన్నా" అనేవాణ్ణి. "మంచి దేవుడే బాబు" అని తలూపి కల్లుకి వెళ్ళిపోయేవాడు.

లచ్చన్న స్లైడ్ల జాబితా రాసే పద్ధతి వేరు. "కిల్లో బుద్రి, పనస చెట్టు." "కిల్లో బుద్రి, కుంటి కుక్క ఇల్లు." "పాంగి సోమి, అత్తతో తగూ." చదివి నవ్వుకునే బదులు నేను మండిపడ్డాను. ఒకసారి పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినాయన ఆ కాగితం చూసి నవ్వాడు. ఆయన నన్ను చూసి నవ్వినట్టు నాకు తగిలింది. ఆయన వెళ్ళగానే జాబితా తెచ్చి లచ్చన్న మొహాన కొట్టాను.

"ఇది గవర్నమెంటు కాగితమా, సంతలో కబుర్లా? చెట్లూ కుక్కలూ ఇంకోసారి రాశావంటే చూడు. ఇంటిపేరు, పేరు, నంబరు. అంతే."

"అలగైతే ఎవులు ఎవులో నీకెలగ తెలుస్తాది బాబు?"

"నంబరు ఉంటుంది కదా. నంబరు చూసి నేను చెబుతాను."

"సరే బాబు" అన్నాడు. ఆ రోజు నుంచి చెట్లూ కుక్కలూ ఆగిపోయాయి. తనిఖీకి కాగితం శుభ్రంగా ఉండేది. నేను గర్వపడ్డాను కూడా.

శనివారం చీటీ

ఆ ఏడు వానలు విపరీతం. లచ్చన్న పైగూడెం నుంచి స్లైడ్ల కట్ట తెచ్చాడు. అది శనివారం. మరునాడు కింద ఊళ్ళో పెద్ద ప్రార్థన కూడిక, వాక్యం నాది. మధ్యాహ్నం బస్సు దాటితే ఇంక లేదు. గబగబా చూశాను. చూడటంలో తప్పు జరగలేదు, అది నిజంగానే చెబుతున్నాను. ఒక స్లైడ్ నిండా పురుగే. ఫాల్సిపారం, ప్రాణాలు తీసే రకం. జాబితా చూస్తే కిల్లో బుద్రి. చీటీ ముక్క చించి "కిల్లో బుద్రి, పాజిటివ్, వెంటనే" అని రాసి లచ్చన్న చేతిలో పెట్టి బస్సుకి పరిగెత్తాను.

నంబరు రాయలేదు. ఆ జాబితాలో కిల్లో బుద్రిలు ఇద్దరున్నారని చూడలేదు.

ఆదివారం బాగా మాట్లాడాను. కొందరు ఏడ్చారు.

లచ్చన్న వానలో కొండెక్కాడు. నంబరు లేదు కాబట్టి తనకి తోచినట్టు ఆలోచించాడు. ఇద్దరు బుద్రిల్లో ఒకామె ముసలిది, మూలుగుతూ పడుకుని ఉంది. ఇంకొకామె పడుచుది, ఏడో నెల కడుపుతో చేనులో కలుపు తీస్తూ ఉంది. ఎవరైనా ఏం అనుకుంటారు? ముసలి బుద్రికి మాత్రలు మింగించి దిగొచ్చాడు. ఆమెకి రెండు వాంతులయ్యాయి, చెవులు గింగురుమన్నాయి, లచ్చన్నని నాలుగు తిట్టింది. అంతకుమించి ఏమీ కాలేదు.

పడుచు బుద్రిని నాలుగో రోజు డోలీ కట్టి దింపారు. ఒంటి మీద తెలివి లేదు. బిడ్డ అప్పటికే కడుపులో పోయింది.

మా డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చెయ్యగలిగినదంతా చేసింది. వాగు పొంగి ఉంది, పెద్దాసుపత్రికి పంపే దారి లేదు. నేను మళ్ళీ వేలు గుచ్చి స్లైడ్ చూశాను. చూడగానే అర్థమైంది. శనివారం చూసిన నెత్తురు ఇదే. వెళ్ళి జాబితా తీశాను. ఇద్దరు బుద్రిలు, రెండు నంబర్లు.

వార్డులోకి వెళ్ళి ఆమె మంచం పక్క మోకాళ్ళ మీద పడ్డాను. పెద్దగా ఏడ్చాను. ఆమె తల్లీ, మొగుడూ, నర్సమ్మలూ, లచ్చన్నా అందరూ చూశారు. "ప్రభువా, ఈమెను బతికించు" అన్నాను. నోరు ఆమె ప్రాణం అడుగుతోంది, లోపల మనసు నా ఉద్యోగం అడుగుతోంది. ఏది ముందు వచ్చిందో నాకు తెలుసు.

మరునాడు మధ్యాహ్నం బుద్రి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది.

ఒక్క మాట

డాక్టరమ్మ లచ్చన్ననీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి అడిగింది. తప్పు మనిషికి మాత్రలు ఎలా పడ్డాయి అని.

లచ్చన్న అన్నాడు, "సీటీలో పేరే ఉన్నాది అమ్మా. నంబరు నేదు."

"చీటీ ఏది?"

చీటీ లేదు. వానలో చొక్కా జేబులోనే పిండైపోయింది.

ఆమె నావైపు తిరిగింది. "నంబరు రాశారా?"

"రాశానమ్మా" అన్నాను.

అంతే. ఒక్క మాట. ఆలోచించి చెప్పలేదు, వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఆ గదిలోనే బోలెడు సమయం ఉంది. తీసుకోలేదు.

డాక్టరమ్మ ఒకసారి ఇద్దర్నీ చూసింది. నిన్న మోకాళ్ళ మీద ఏడ్చిన మనిషి ఒకరు. కల్లు వాసన వచ్చే మనిషి ఒకరు. "ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు లచ్చన్నా" అన్నది.

పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. నిజాయితీపరుడు అనే పేరు మనకి ఊరికే రాదు, ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఆ పేరు వచ్చాక ఒక్క అబద్ధం ఆడితే చాలు, అది నిజం కింద చెలామణి అయిపోతుంది. పేరు లేనివాడి అబద్ధం వాడికే చేటు. మంచిపేరు ఉన్నవాడి అబద్ధం పక్కవాడికి చేటు. క్రైస్తవులైన పిల్లలకి ఇంకొంచెం గట్టిగా చెబుతున్నాను. బల్ల మీద బైబిలు పెట్టుకుంటే జనం మిమ్మల్ని నమ్ముతారు. అందుకే ముందు మీరు మిమ్మల్ని నమ్మకండి.

లచ్చన్నకి మెమో ఇచ్చి దూరం సబ్ సెంటరుకి మార్చేశారు. అది పెద్ద దెబ్బ కాదు. పెద్ద దెబ్బ పైగూడెంలో తగిలింది. "మాత్రలు మార్చినోడు" అని పేరు పెట్టారు. బదిలీ అయ్యేలోపే వేలు ఇవ్వడం మానేశారు. పండగకి డప్పు కొట్టమని కబురు పెట్టడం మానేశారు. ఆ గూడెంలో ఆయన మేనత్త పిల్లలున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికి పిలిచినా పక్కన కూర్చునేవాళ్ళు కాదట. బిడ్డ చచ్చిపోయింది కదా, ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి. నా మీద ఉండాల్సిన కోపమంతా ఆయన మోశాడు.

సాక్ష్యం

బుద్రి కోలుకొని ఇంటికి వెళ్ళింది. రెండు నెలలకి మొగుడితో కలిసి దిగి వచ్చి, తనకి నా దేవుడు కావాలన్నది. తరవాత ఏడాదికి పైగూడెంలో వెదురు తడికలతో ప్రార్థన పాక వేశారు. పది ఇళ్ళవాళ్ళు చేరారు. అందరికీ మూలం ఆమె సాక్ష్యం. సాక్ష్యం అంటే ఆరాధనలో లేచి నిలబడి దేవుడు తనకి చేసిన మేలు చెప్పడం. ఆమె చెప్పేది నాకు కంఠతా వచ్చు. గుంట అంటే అక్కడ పిల్ల.

"నేను సచ్చిపోయినాను. నా కడుపులో గుంట పోయింది. నెత్తురు బాబు మోకాళ్ళ మీద ఏడ్సినాడు. మా అమ్మ కూడా అలగ ఏడవనేదు. యేసయ్య ఇన్నాడు. నేను లేసినాను."

ఆమె చెబుతున్నప్పుడు అందరూ నావైపు తిరిగి చూసేవాళ్ళు. నేను తల వంచుకునేవాణ్ణి. ఎంత వినయమో అనుకునేవాళ్ళు.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. చెప్పకపోవడానికి నా దగ్గర మంచి కారణం ఒకటి ఉండేది. ఇప్పుడు నిజం చెబితే బుద్రి విశ్వాసం కూలిపోతుంది, పాకలో పది ఇళ్ళూ చెదిరిపోతాయి, దేవుడి పని చెడుతుంది. ఎంత పవిత్రమైన కారణమో చూడండి. దాన్ని అడ్డం పెట్టుకుని పద్నాలుగేళ్ళు గడిపాను.

ఆ ఏళ్ళలో నేను బాగా పనిచేశాను. అది కూడా రాయాలి. ప్రతి స్లైడ్ వంద లెక్కపెట్టాను. ప్రతి చీటీ మీద పేరు, నంబరు, మొగుడి పేరు, చెట్టు పేరు కూడా రాశాను. కోపం తగ్గించుకున్నాను, పూర్తిగా పోలేదు. ప్రార్థన కూడా మానలేదు. ప్రార్థనలో ఆ ఒక్క సంగతి దగ్గరికి రాగానే మాట మార్చేసేవాణ్ణి. దేవుడితో మాట మార్చడం ఎంత అలసటో చెప్పలేను. పొలం దున్ని వచ్చినా అంత అలసట రాదు.

రిటైరయిన రోజు శాలువా కప్పారు. బుద్రి కొండ దిగి వచ్చి పసుపు కొమ్ములు, సంచీడు చోళ్ళు తెచ్చి అందరి ముందూ మళ్ళీ అదే సాక్ష్యం చెప్పింది. అప్పటికే రిటైరయిన లచ్చన్న ఆఖరి వరసలో కూర్చుని ఉన్నాడు. అందరితో పాటు ఆయనా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను.

లచ్చన్న కళ్ళం

వారం రోజులకి వాళ్ళ ఊరు వెళ్ళాను. లచ్చన్న ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ పళ్ళు ఎండబోసి కాలితో తిరగదోస్తున్నాడు.

"ఏటి బాబు, దారి తప్పినావేటి?"

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. నంబరు రాయలేదని, రాశానని అబద్ధం ఆడానని. ఆయన కాలు ఆగలేదు. పళ్ళు తిరగదోస్తూనే ఉన్నాడు.

"రిటైరయినాక సెప్తన్నావు" అన్నాడు చివరికి.

"అవును."

"పింఛను కాయితం వొచ్చిందా?"

"వచ్చింది."

తలూపాడు. నేను చెప్పుకోదలచిన ధైర్యం ఏదైనా ఉంటే ఆ తలూపుతో పోయింది. మీరు కూడా దీన్ని ధైర్యం కింద రాసుకోకండి.

"నువ్వు మళ్ళీ ఎందుకు ఎవరికీ చెప్పలేదు లచ్చన్నా?"

"సెప్పకపోవడమేటి? డాక్టరమ్మకి సెప్పినాను. ఊరోల్లకి సెప్పినాను. మా ఆడదానికి సెప్పినాను. ఎవులు నమ్మినారు? నువ్వు పార్దన సేసే బాబువి, నేను కల్లు తాగేవోణ్ణి. మరి నోరు మూసుకున్నాను." కాలు ఆపి నన్ను చూశాడు. "మీ దేవుడు అబద్దం సయించడు అని నువ్వే గదా సెప్పీవోడివి. సూద్దాం, ఎప్పటికి సెప్పిత్తాడో అనుకున్నాను. శానా కాలం పట్టింది బాబు ఆయనకి."

ఆయన వెటకారంగా అనలేదు. వాన ఆలస్యమైంది అన్నట్టు అన్నాడు. నేను అక్కడే ఏడ్చాను.

"నన్ను క్షమించు లచ్చన్నా."

"అది తరవాత సూద్దాం. నాకు తెలిసిందే నాకు సెప్తే ఏటవుద్ది? గూడెపోల్లకి సెప్పు. బుద్రికి సెప్పు."

నా పవిత్రమైన కారణం బయటికి తీశాను. "ఆమె దేవుణ్ణి నమ్ముకున్నదే ఆ రోజు చూసి. ఇప్పుడు ఇది తెలిస్తే పడిపోతుందేమో."

"అయితే ఆ గుంట నమ్మింది దేవుణ్ణా, నిన్నా?" అన్నాడు లచ్చన్న.

ఇన్నేళ్ళు బైబిలు చదివినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

పాక

తరవాతి ఆదివారం పైగూడెం పాకలో, ఆరాధన మధ్యలో లేచి చెప్పాను. ఆ రోజు నేను కబురు పెడితే లచ్చన్న వచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. తడిక అవతల గొడుగు వేసుకుని నిలబడ్డాడు. చెట్లూ కుక్కలూ రాయొద్దని నేను ఆయన మీద అరిచిన దగ్గర నుంచి మొదలుపెట్టి, "రాశానమ్మా" అన్న మాట దాకా అన్నీ చెప్పాను. మధ్యలో నీళ్ళ కోసం చూశాను. ఎవరూ నీళ్ళు ఇవ్వలేదు.

బుద్రి లేచింది. "ఆ దినం నా మంచం కాడ ఏడ్సినావు గదా బాబు. ఎవుల కోసం ఏడ్సినావు?"

చుట్టూ ఉన్న మొహాలు చూస్తే నీ కోసమే అని చెప్పాలనిపించింది. పాత అలవాటు. "ముందు నా కోసమే" అన్నాను. "దొరికిపోతానని. తరవాత నీ మొహం చూసి నీ కోసం."

బుద్రి తరవాత పుట్టిన తన పిల్ల చెయ్యి పట్టుకొని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెనక సగం మంది వెళ్ళారు. గూడెం పెద్దాయన తడిక దగ్గరికి పోయి, "లచ్చన్నా, లోనికి రా" అని పిలిచాడు. "నాకు పనున్నాది" అని లచ్చన్న కొండ దిగిపోయాడు. ఆ ఏడు పండగకి కబురు పెట్టారట, వెళ్ళలేదు. ఈ ఏడు వెళతాడో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ వారం పాస్టరు మా ఇంటికి వచ్చి కేకలేశాడు. "ఎందుకయ్యా చెప్పారు? ఇన్నాళ్ళు కట్టింది ఒక్కరోజులో కూల్చారు" అన్నాడు. రూతమ్మ టీ ఇస్తూ, "కూలితే కూలనీండి బాబు. పునాదిలో ఏముందో ఇప్పటికైనా తెలుస్తుంది" అన్నది. ఆవిడ నా తరఫున మాట్లాడటం చాలా కాలానికి విన్నాను.

ఐదు ఆదివారాలు బుద్రి రాలేదు. ప్రతి వారం నేను కొండెక్కి పాకలో వెనక కూర్చుని ఖాళీ చాపలు చూసి వచ్చేవాణ్ణి. ఒకసారి తప్పు చీటీతో, ఇప్పుడు సరైన మాటతో, ఆ మనిషిని నేను రెండుసార్లు చంపానని అనిపించేది. నిజం చెప్పాక మనసు తేలికవుతుందని వాక్యాల్లో నేనే ఎన్నోసార్లు చెప్పాను. కాలేదు. బరువు మారిందంతే. దాచే బరువు పోయి చూసే బరువు వచ్చింది.

ఆరో ఆదివారం బుద్రి వచ్చింది. ముందు వరసలో కూర్చుంది. సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి నిలబడింది.

"నెత్తురు బాబు సీటీ మీద నంబరు రాయనేదు. రాసినాను అని అబద్దం ఆడినాడు. నా కడుపులో గుంట పోయింది. తప్పు లచ్చన్న మామ మీద పడ్డాది. మామని మనమందరం తిట్టినాం, నేనూ తిట్టినాను. బాబు ఏడ్సిన ఏడుపు సగం దొంగ ఏడుపు. అయినా యేసయ్య నన్ను లేపినాడు. బాబు మొకం సూసి లేపనేదు. నా మొకం సూసి లేపినాడు."

సాక్ష్యం అయ్యాక అందరూ ఆమెన్ అనడం మా ఆనవాయితీ. ఎవరూ అనలేదు. ఎలా అనాలో తెలియక నావైపు చూశారు. బుద్రి కూర్చోలేదు, నిలబడే ఉంది. ఎదురుచూస్తోందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

"ఆమెన్" అన్నాను.

అప్పుడు కూర్చుంది. ఆ తరవాత ఎప్పుడు సాక్ష్యం చెప్పినా ఇదే చెబుతుంది, ఒక్క ముక్క తగ్గించదు. కొత్తవాళ్ళు వస్తే నన్ను చూపించి మరీ చెబుతుంది. నేను అందరికన్న ముందు ఆమెన్ అని, తల ఎత్తుకునే కూర్చుంటున్నాను.